ఒక్క చేతి సంగటి

గురమ్మ ఇంట్లో సంగటికి ఒక కట్టడి ఉంది. ఉడికిన నూకల మీద రాగిపిండి పడి, ఆవిరికి మగ్గి, కుండ కిందికి దిగాక తెడ్డు పట్టిన చెయ్యి వంద చుట్లు తిప్పేదాకా ఆగకూడదు. చెయ్యి మారకూడదు. మధ్యలో ఇంకొకరు తెడ్డు అందుకుంటే ఆ ఇల్లు రెండిళ్ళవుతుందని గురమ్మకు వాళ్ళత్త చెప్పింది. ఆ అత్తకు ఆమె అత్త చెప్పింది. నిజమో అబద్ధమో చూద్దామని ఎవరూ సాహసించలేదు. ఇల్లు ఒక్కటిగానే ఉంది కాబట్టి మాట నిలబడిపోయింది.

రాయచోటి నుంచి కడపకు పోయే దారిలో, గువ్వలచెరువు ఘాటు మొదలుకాక ముందే వస్తుంది వాళ్ళ ఊరు. ఎనిమిదెకరాల మెట్ట, మూడెకరాల మామిడితోట. పనుల కాలంలో పది పదిహేను మంది కూలీలకు మధ్యాహ్నం సంగటి ఆ ఇంటి నుంచే పోవాలి. ముప్పై ఏళ్ళు ఆ తెడ్డు తిప్పింది గురమ్మ. మోకాళ్ళు మొరాయించాక కోడలు శిల్ప చేతికిచ్చింది. "మా శిల్ప సంగటి నున్నగా వెన్నముద్ద మాదిరి ఉంటాది" అని పొరుగింటి ఈరక్కతో అనేది గానీ, శిల్ప ముందు ఒక్కనాడూ అనలేదు. పొగిడితే మరుసటి రోజు ఉప్పు తప్పుతారని ఆమె నమ్మకం.

ఈ ఏడు ఆ సంగటిలో గడ్డలు పడ్డాయి.

మొదట పట్టుకున్నది కొడుకు ఓబుళేశు. మామిడికాయ కోతలప్పుడు ఒకరోజు ముద్ద విరిచి, ఊరుబిండి పచ్చడి అద్దుకోబోయి ఆగాడు. ముద్ద లోపల తడవని పొడిపిండి. వేలితో తీసి కంచం అంచున పెట్టాడు.

"మా, ఈ మద్దెన సంగట్లో రాళ్ళు ఏరుకోని తినాల్సొస్తాండాది," అన్నాడు.

"నాకు చెప్తావేందిరా? తెడ్డు పట్టినోళ్ళకు చెప్పు," అంది గురమ్మ, వంటింట్లోకి వినబడేట్టు.

వంటింట్లో శిల్ప గడప మీద కూర్చుని, వీపు గోడకు ఆనించి, కొంగుతో మొహం తుడుచుకుంటోంది.

గురమ్మ తనకు తెలిసిన విద్యలన్నీ చేసింది. కొత్త రాగులు జిగటగా ఉన్నాయని పాతవి తెప్పించింది. ఊళ్ళో మర సరిగ్గా లేదని రాయచోటికి పంపి ఆడించింది. కుండ అడుగు వంకరపోయిందని కుండ మార్చింది. చింతకట్టె తెడ్డు పోయి కొత్త తెడ్డు వచ్చింది. గడ్డలు మాత్రం పోలేదు. ఇక మిగిలింది కోడలే.

"చెయ్యి కుండలో, మనసు సెల్లులో. గడ్డలు పడక ఏం పడతాయి?" అంది ఈరక్కతో.

శిల్ప ఆ మాట విన్నది. సెల్లు తెచ్చి అత్త పక్కన పెట్టి, వంటింట్లోకి పోయింది. మరుసటి రోజూ గడ్డలే.

శిల్పకు ఆయాసం ఉన్న సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. మిద్దె మీద బట్టలు ఆరేసి వస్తే గస పోసేది. దగ్గేది. ఊళ్ళో వైద్యం చేసే సోమన్న చూసి ఆస్తమా అన్నాడు. నోట్లోకి కొట్టుకునే మందు ఇచ్చాడు. పడుకుంటే ఊపిరాడటం లేదని విత్తనపు చెనిక్కాయల మూటలకు ఆనుకుని, కూర్చునే నిద్రపోయేది. "మా ఇంట్లో విత్తనానికి కాపలా ఉండాది, ఎలక గూడా రాదు" అని ఓబుళేశు అందరికీ చెప్పి నవ్వేవాడు. శిల్ప కూడా నవ్వేది.

ఆషాఢంలో వాన పడింది. మూటలు పొలానికి పోయాయి, విత్తనం భూమిలో పడింది. శిల్ప మాత్రం ఇంకా కూర్చునే నిద్రపోతోంది, మడిచిన పరుపును గోడకు పెట్టుకుని. తెల్లారి లేచి ఆ దృశ్యం చూసిన గురమ్మకు ఏదో చిన్న ముల్లు గుచ్చుకున్నట్టయింది. మూటలే లేవు కదా, ఇంక కాపలా దేనికి? కానీ కలుపు పనులు ముంచుకొస్తున్నాయి. ముల్లును అలాగే వదిలేసి పేడ ఎత్తడానికి పోయింది.

వినాయకచవితి పోయిన మూడో నాడు, పదకొండు మంది కలుపు కూలీలున్నారు. గురమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. లోపల తెడ్డు కుండ అంచుకు తగిలే చప్పుడు. ఒక్కో చుట్టుకు ఒక్కో టక్కు. ముప్పై ఏళ్ళ అలవాటు, చెవి దానంతట అదే లెక్క పెట్టుకుంటుంది. పదిహేను, పదహారు, పదిహేడు. ఆగిపోయింది.

గురమ్మ చెయ్యి కూడా ఆగింది.

ఆమె చెవికి ఇప్పుడు పాత లెక్కలన్నీ గుర్తొచ్చాయి. ఉగాదికి వంద చుట్లూ ఆగకుండా వినబడ్డాయి. మామిడి కోతలప్పుడు అరవై దగ్గర ఆగేది. విత్తనం వేసేటప్పుడు నలభై. ఇప్పుడు పదిహేడు. ఇన్నాళ్ళూ ఆ ఆగడాన్ని పొగరనుకుంది, మతిమరుపనుకుంది, సెల్లనుకుంది.

లేచి లోపలికి పోయింది. శిల్ప కుండను రెండు పాదాల మధ్య ఇరికించుకుని, తెడ్డు కొసకు నుదురు ఆనించి, నోరు తెరుచుకుని ఊపిరి తీస్తోంది. పెదాలు నేరేడు పండు తిన్నట్టున్నాయి. గురమ్మ వంగి ఆమె మణికట్టు పట్టుకుంది. అరచేతిలో కోడిపిల్లను పట్టుకుంటే దాని ఒళ్ళంతా ఎలా కొట్టుకుంటుందో, అలా కొట్టుకుంటోంది నాడి.

"ఏమైంది మే నీకు?"

"ఏంల్యాత్తా. రెండు నిమిషాలు. ఆస్తమా కదా, పోతాది." శిల్ప తెడ్డు మళ్ళీ ఎత్తబోయింది.

"ఇట్లియ్యి."

"వద్దత్తా! చెయ్యి మారితే..."

"పగిలితే పగలనీ ఇల్లు. ఇయ్యి అంటాండాగదా!"

తెడ్డు లాక్కుంది గురమ్మ. మోకాళ్ళు పళ్ళు నూరుతుంటే కూర్చుని, మిగతా ఎనభై మూడు చుట్లూ తిప్పింది. చెమట కళ్ళలోకి కారింది. కన్నీళ్ళు కూడా కారాయి గానీ, చెమటలో కలిసిపోయాయి కాబట్టి ఎవరికీ లెక్క తెలియలేదు.

సంగటి పొలానికి పోగానే గురమ్మ సోమన్న ఇంటికి పోయింది.

"ఏమప్పా సోమన్నా, ఆ మందు కొట్టుకోబట్టి నాలుగు నెల్లాయె. తగ్గాల్సిన ఆయాసం పెరుగుతాండాది. ఇది ఆస్తమాయేనా?"

"అట్లనే ఉండాది అక్కా. ఇంకో మందు రాస్తా..."

"మందు మాట తర్వాత. నేనొకటి అడుగుతా, నిజం చెప్పు. నీకు తెలీంది ఎవురికి తెలుస్తాది?"

 ఇరవై ఏళ్ళలో ఆ ప్రశ్న సోమన్నను ఎవరూ అడగలేదు. "పండుకుంటే ఊపిరాడదా? కూర్చుంటే ఆడతాదా?" అన్నాడు.

"కూర్చోనే నిద్రపోతాండాది ఎండాకాలం నుంచి."

"ఆ మాట నాకు చెప్పల్యా మీరు." అని లేచి నిలబడ్డాడు. "కాళ్ళు వాస్తాండాయా?"

"సాయంత్రానికి మెట్టెలు బిగుసుకుంటాండాయి."

"అక్కా, వేరేవాళ్ళ కాడికి పోయినా నేను కోపగించుకోను. ఇది ఊపిరితిత్తులది కాకపోవచ్చు, గుండెది. నా కాడ పెట్టుకోవాకండి. ఈడ రాయచోటిలో గూడా ఆగొద్దు. కడపలో గుండె డాక్టరమ్మ ఉండాది, సుచరితమ్మ. పొద్దున్నే తీసకపోండి."

ఓబుళేశు మాత్రం తల అడ్డంగా ఊపాడు. "కలుపు పడిపోయినాది మా. చెనిక్కాయ పీకినాంక నింపాదిగా పోదాం. రెండు నెల్లే కదా."

"కాయ రెండు నెల్లు ఆగుతాదిరా. పదిహేడు చుట్లు ఆగవు," అంది గురమ్మ. "ఉగాదికి వంద. ఇప్పుడు పదిహేడు. వచ్చే నెలకు ఎంతో నువ్వే లెక్కెయ్యి, చదువుకున్నోడివి కదా."

ఓబుళేశు మనసులో లెక్క వేసినట్టున్నాడు. వాడి మొహం పాలిపోయింది. "పొద్దున ఆరుగంటల బస్సుకు పోదాం," అన్నాడు.

ఘాటు మలుపుల్లో శిల్ప తల గురమ్మ భుజం మీద వాలిపోయింది. పాలకోవా అంగళ్ళ దగ్గర బస్సాగినప్పుడు "ఏమన్నా తింటావా మే?" అని అడిగింది గురమ్మ. పన్నెండేళ్ళలో అత్త ఆ గొంతుతో అడగడం శిల్ప ఎరగదు. ఆ గొంతుకే ఎక్కువ భయపడింది.

డాక్టర్ సుచరిత నలభై ఏళ్ళ మనిషి. తొందరపడదు, తొందరపెట్టదు. "ఎన్నాళ్ళ నుంచి ఆయాసం?" అని అడిగింది.

"పది పదైదు దినాలుగా మేడం," అన్నాడు ఓబుళేశు.

"నువ్వు నోరుముయ్యిరా," అని గురమ్మ ముందుకు జరిగింది. "ఉగాదికి ఆగకుండా వంద చుట్లు సంగటి తిప్పినాదమ్మా. మామిడి కోతలకు అరవై. విత్తనానికి నలభై. మొన్న చవితికి పదిహేడు. ఎండాకాలం నుంచి కూర్చోనే నిద్రపోతాండాది. నోట్లోకి మందు కొట్టుకున్నా తగ్గల్యా. సాయంత్రానికి కాళ్ళు వాస్తాండాయి."

డాక్టరు పెన్ను ఆపి గురమ్మను చూసింది. "మళ్ళీ చెప్పమ్మా, నెలల ప్రకారం," అని రాసుకుంది. వంద, అరవై, నలభై, పదిహేడు. "ఎంత దూరం నడవగలదంటే ఎవరూ చెప్పలేరు. ఇంత బాగా నాకు ఎవరూ చెప్పలేదు."

తర్వాత గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. ఎడమ పక్కకు తిరిగి పడుకోమని మళ్ళీ విన్నది. ఈసీజీ తీయించింది. ఎకో గదిలో తెర మీద నల్లగా తెల్లగా ఏదో రెపరెపలాడింది.

"శిల్పా, చిన్నప్పుడు జ్వరం వచ్చి కీళ్ళు వాచాయా? ఒకరోజు మోకాలు, తగ్గి ఇంకోరోజు మోచెయ్యి, అలా?"

శిల్ప తల వంచుకుంది. ఒక్కసారి అత్త వైపు చూసి మళ్ళీ వంచుకుంది. 

"చెప్పు మే. ఈడ దాపెట్టుకునేదేముండాది?" అంది గురమ్మ.

"ఆరో తరగతిలో వచ్చింది మేడం. మూడు నెల్లు మంచంలో ఉన్న్యా. ఇంజెక్షన్లు చానా దినాలు ఏయించుకోమన్న్యారు. కొన్నాళ్ళు ఏయించుకోని మానేసినాం." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "పెళ్ళి మాటలప్పుడు ఆ జ్వరం సంగతి ఎవురికీ చెప్పొద్దన్నాది మాయమ్మ. చెప్తే సంబంధం తప్పిపోతాదని. పాప కడుపులో ఉన్నప్పుడు ఏడో నెల్లో ఇట్లనే ఆయాసమొచ్చింది. అప్పుడు గూడా చెప్పల్యా. ఈ పొద్దు వరకూ చెప్పల్యా అత్తా."

ఓబుళేశు గోడ వైపు చూశాడు. శిల్ప ఏడవడానికి కూడా ఊపిరి చాలక, పెదవి కొరుక్కుంది.

గురమ్మ కూర్చున్న చోటు నుంచి లేచింది. కోడలి పక్కకు పోయి, నుదుటికి అంటుకున్న వెంట్రుకలు వెనక్కి తోసింది.

"మీయమ్మ చెప్పిందాంట్లో తప్పేమీ ల్యా. అప్పుడు చెప్పింటే నేనే వద్దనుండేదాన్ని, అంత మంచిదాన్ని గాదు అప్పుడు," అంది. "వద్దనుంటే నా ఇంటికి యాడ దొరికేది నీలాంటి పిల్ల? పోనీలే. ఇప్పుడు చెప్పినావు కదా. డాక్టరమ్మా, ఏం చెయ్యాల్నో నువ్వు చెప్పు."

డాక్టరు కాగితం మీద బొమ్మ వేసింది. గుండెలో నాలుగు గదులు, మధ్యలో తలుపులు. చిన్నప్పటి ఆ జ్వరం ఎడమ పక్క తలుపు రెక్కలను కొద్దికొద్దిగా అతికించేసింది. ఊపిరితిత్తుల నుంచి వచ్చే నెత్తురు లోపలికి పోవడానికి దారి చాలడం లేదు.

గురమ్మ ఆ బొమ్మను తిప్పి తిప్పి చూసింది. "అంటే కయ్యకు నీళ్ళు పోయే మడవ పూడిపోయినాది. నీళ్ళు కిందికి దిగల్యాక పైకయ్య మునుగుతాండాది. ఆ పైకయ్యే ఊపిరితిత్తులు. అంతేనా?"

"అంతే!" డాక్టరు నవ్వేసింది. "ఈ మాట నేను రేపటి నుంచి అందరికీ చెప్తాను. పడుకుంటే నీళ్ళు ఇంకా పైకి ఎక్కుతాయి. అందుకే కూర్చుని నిద్రపోతోంది."

"మడవ తీస్తే?"

"తీయొచ్చు. తొడ దగ్గర నరం లోంచి సన్నటి గొట్టం పంపి, చివర చిన్న బెలూన్ ఊది, అతుకు విడదీస్తారు. ఛాతీ కోయరు. ఈమె తలుపుకు అది సరిపోతుందనే అనిపిస్తోంది. కర్నూల్లో చేస్తారు, నేను మాట్లాడతాను. అక్కడ లోపల గడ్డకట్టిన నెత్తురేమీ లేదని ముందు చూసుకుంటారు. అంతవరకు ఈ మాత్రలు వాడాలి. ఉప్పు తగ్గించాలి, బరువులొద్దు, తెడ్డు అసలే వద్దు. ఆయాసం ఒక్కసారిగా పెరిగినా, దగ్గితే నెత్తురు పడినా, మాట తడబడినా, ఒక పక్క చెయ్యి పడిపోయినా పొద్దున చూద్దాంలే అనొద్దు, వెంటనే నూట ఎనిమిదికి ఫోన్ చెయ్యాలి. అర్థమైందా అయ్యా?"

"అర్థమైంది మేడం," అన్నాడు ఓబుళేశు. ఆ రోజు వాడు మాట్లాడిన రెండో మాట అది.

పన్నెండు రోజుల తర్వాత కర్నూలుకు పోయారు. మైదుకూరు, నంద్యాల దాటి, ఓర్వకల్లు రాళ్ళగుట్టలు కనబడగానే గురమ్మ వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టడం మొదలుపెట్టింది. "ఏంది మా?" అంటే "ఏంల్యాలే" అంది. ఊళ్ళో మనవరాలు సుప్రజను ఈరక్క దగ్గర వదిలి వచ్చారు. పదేళ్ళ ఆ పిల్ల గంటకోసారి ఫోన్ చేసి "జేజీ, అమ్మ ఏం చేస్తాండాది?" అని అడుగుతోంది.

శిల్పను లోపలికి తీసుకుపోయే ముందు ఓబుళేశు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆసుపత్రి నడవాలో, అంతమంది ముందు. వాడు అట్లా పట్టుకోవడం గురమ్మ పెళ్ళినాడు తప్ప చూడలేదు. తలుపు మూసుకుంది. గంట దాటింది. గురమ్మ నడవాలో కూర్చుని అరచేతిలో వేలితో చుట్లు తిప్పుతూ ఉండిపోయింది. వంద అయితే మళ్ళీ ఒకటి నుంచి. ఎన్ని సంగట్లు తిప్పిందో ఆమెకే తెలీదు.

తలుపు తెరుచుకుంది. బయటికి వచ్చిన డాక్టరు మాస్కు తీసి, "బాగా విచ్చుకుంది. ఇంతకుముందు ఎంత ఉందో దానికి రెండింతలైంది," అన్నాడు.

మధ్యాహ్నం మూడింటికి చూడటానికి పోనిచ్చారు. గది గడప మీదే గురమ్మ ఆగిపోయింది. వెనకాల వస్తున్న ఓబుళేశు ఆమెకు గుద్దుకున్నాడు.

శిల్ప వెల్లకిలా పడుకుని ఉంది. ఒకే ఒక్క దిండు. ఒక్కటే, అదీ పలచటిది. నోరు మూసుకుని, ముక్కుతో నెమ్మదిగా ఊపిరి తీస్తూ, హాయిగా నిద్రపోతోంది. పెదాలకు రంగు వచ్చింది.

ఓబుళేశు పిలవబోతే గురమ్మ వాడి నోరు మూసింది. "లేపాకు. దాని నిద్ర దాన్ని పోనీ. ఆర్నెల్ల నిద్ర బాకీ ఉండాది."

ఇద్దరూ గోడకు ఆనుకుని, వెల్లకిలా పడుకున్న మనిషిని కళ్ళారా చూస్తూ నిలబడ్డారు. అందులో అంత వింతేముందో తెలియక నర్సు వాళ్ళను అనుమానంగా చూసింది.

ఇంటికొచ్చాక నెలన్నర పాటు తెడ్డు గురమ్మ చేతికే వచ్చింది. మొదటి రోజే సంగట్లో గడ్డ పడింది. మంచం మీది నుంచి శిల్ప దాన్ని వేలితో తీసి కంచం అంచున పెట్టింది.

"అత్తా, రాగులు కొత్తవేమో. మర మార్చి చూడరాదూ?"

"నోటికి ఊపిరి బాగానే వచ్చినాదే!" అంది గురమ్మ. ఈరక్క గోడ అవతలి నుంచి పడీపడీ నవ్వింది.

సోమన్న తన గోడ క్యాలెండరు మీద ఇరవై ఒక్క రోజులకొకసారి ఎర్ర గుండ్రం గీశాడు. ఆ రోజు వచ్చే ముందే ఇంటికొచ్చి, "పెద్దాసుపత్రిలో ఇంజెక్షను రేపు, మర్చిపోవాకండి" అని చెప్పిపోయేవాడు. ఆ జ్వరం మళ్ళీ రాకుండా ఆ ఇంజెక్షను చాలా ఏళ్ళు వేయించుకోవాలి. ఈసారి మానేది లేదని గురమ్మ ఖరాఖండిగా చెప్పింది. అంతకంటే పెద్ద మార్పు ఇంకొకటి వచ్చింది. ఆయాసమని ఏ ఆడమనిషి వచ్చినా సోమన్న ఇప్పుడు మందు తీయడు. "సంగటి ఎన్ని చుట్లు తిప్పుతాండావు? ఎన్ని దిండ్లు పెట్టుకోని పండుకుంటాండావు?" అని అడుగుతాడు. జవాబు నచ్చకపోతే కడప డాక్టరమ్మ పేరు చీటీ మీద రాసి ఇస్తాడు. ఇప్పటికి ముగ్గురిని పంపాడు. అందులో ఒకామెకు నిజంగానే గుండె జబ్బు బయటపడింది. మిగతా ఇద్దరికీ నెత్తురు తక్కువ. "పోయి చూపిచ్చుకుంటే ఏం పోయింది, బస్సు చార్జీ తప్ప" అంది గురమ్మ.

కంది కోతలొచ్చాయి. పన్నెండు మంది కూలీలు. కడప డాక్టరమ్మ ఎకో చూసి, ఇక పనులు చేసుకోవచ్చు అని చెప్పి వారమైంది.

శిల్ప కుండ ముందు కూర్చుంది. గడపలో గురమ్మ, ఆమె ఒళ్ళో సుప్రజ. ఓబుళేశు పొలం పోవాల్సినవాడు పోకుండా, కొడవలికి పదును లేదన్న వంకతో అరుగు మీద నిలబడ్డాడు.

తెడ్డు తిరిగింది. "ఒకటి, రెండు, మూడు," అని సుప్రజ గట్టిగా లెక్క మొదలుపెట్టింది. పదిహేడు దగ్గర గురమ్మ ఊపిరి బిగబట్టింది. పద్దెనిమిది. పంతొమ్మిది. నలభై దాటింది. అరవై దాటింది. శిల్ప నుదుట చెమట పట్టింది, కానీ నోరు తెరుచుకోలేదు. ఎనభై. పాప గొంతు బొంగురుపోతే, అరుగు మీది నుంచి ఓబుళేశు అందుకున్నాడు. తొంభై.

తొంభై దగ్గర తెడ్డు ఆగింది.



శిల్ప తల ఎత్తింది. మొహం నిండా నవ్వు. "అలుపొచ్చి కాదత్తా," అని తెడ్డు అత్త వైపు చాపింది. "ఈ పది నువ్వు తిప్పు. రా."

"చెయ్యి మారితే ఇల్లు..." అని గురమ్మ నోటికి అలవాటుగా వచ్చింది. సగంలో తనకే నవ్వొచ్చింది. మనవరాలిని దించి, మోకాళ్ళను తిట్టుకుంటూ వచ్చి కోడలి పక్కన చతికిలబడింది. ఇద్దరి చేతులూ ఒకే తెడ్డు మీద పడ్డాయి. తొంభై ఒకటి నుంచి వంద దాకా కుండ అంచు టక్కుటక్కుమని మోగింది.

ఆ మధ్యాహ్నం పొలం గట్టు మీద ఓబుళేశు ముద్ద విరిచాడు. లోపల గోళీకాయంత గడ్డ. పక్కనే కూర్చున్న తల్లి వాడి వేలు కంచం అంచు వైపు పోవడం చూసింది.

"ఏమిరా?"

"ఏంల్యా మా," అన్నాడు ఓబుళేశు. గడ్డను ఊరుబిండిలో అద్ది, నోట్లో వేసుకుని, మారుమాట లేకుండా మింగేశాడు.